హద్దు కాడి సద్దప్ప

సద్దప్ప పోయాడని నాగలమడిక బస్టాండులో తెలిసింది. ఆయన్ను మా ఊరికి జీపులో తీసుకొచ్చే డ్రైవరు అక్కడ టీ తాగుతూ కనిపించి, మంచీచెడ్డా అడిగాక చెప్పాడు. "హిందూపురంలో ఇంటికాడే పోయినాడంటప్పా. నిద్దర్లోనే. ఏం కష్టపడల్యాదంట."

ఇంటికొచ్చి మా నాయనకు చెప్పాను. మంచం మీద కూర్చుని గొర్రెకు తాడు పేనుతున్న చేతులు ఆగిపోయాయి. తాడు ఒళ్ళో పెట్టుకుని అడిగాడు.

"తప్పెట్లు కొట్టినారంటనా?"

"కొట్టినారంట. వీధంతా అదిరిపోయిందంట."

"కొడ్తార్లే. కొలిచే మనిషి ల్యాడు గదా ఇంగ," అన్నాడు నాయన.

అని తనే నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆయనకు అసలు పేరు ఉండేది. మెడలో వేలాడే కార్డు మీద ఫొటో కింద అచ్చయి ఉండేది కూడా. మా ఊర్లో మాత్రం ఆ పేరు ఎవరూ పలికిన గుర్తు లేదు. సద్దు అంటే చప్పుడు. అది కొలవడానికి వచ్చినాయన గనక మొదటిరోజే మా అమ్మ సద్దప్ప అనేసింది. అదే నిలిచిపోయింది. చివరికి ఆయన కూడా ఫోన్ చేస్తే "నేనప్పా, సద్దప్పను" అనే మొదలుపెట్టేవాడు.

తిరుమణి పక్కన మా ఊరి చేలు చాలావరకు సోలార్ పార్కుకు కౌలుకు పోయాయి. మావీ పోయాయి. ఇల్లు మాత్రం ఊరి చివర, కంపెనీ కంచెను ఆనుకుని మిగిలింది. కంచె అవతల, ప్లేట్ల వరసల నడుమ ఇన్వర్టర్ గది కట్టారు. ప్లేట్లలో పుట్టిన కరెంటును లైన్లలోకి పంపడానికి వీలుగా మార్చే యంత్రాలు అందులో ఉంటాయి. వాటిని చల్లబరచడానికి పెద్ద ఫ్యాన్లు. ఎండ ఎక్కేకొద్దీ ఆ గది గుయ్‌మని మోగుతుంది. పొద్దు వాలితే ఆగిపోతుంది. ఇళ్ళ పక్కన ఆ మోత ఎంత ఉందో హద్దు దగ్గర నిలబడి కొలిచి కంపెనీకి రాసివ్వడం సద్దప్ప పని. మా ఇంటి నుంచి ఫిర్యాదు పోయాక ఆయన్ను పంపారు.

అరవై దాటిన మనిషి. పొడుగ్గా, ఎండిన కందికట్టెలా ఉండేవాడు. జీపు దిగగానే చెప్పులు విడిచాడు. జేబులోంచి తాళాలూ చిల్లరా తీసి చేతిరుమాల్లో మూటగట్టి, "రొంత పెట్టుకోమ్మా, ఇవి గలగలమంటాయి," అని మా అమ్మ చేతికిచ్చాడు. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చీరాగానే తన ఇంటి తాళాలు చేతిలో పెడితే అమ్మ ఆయన్ను ఎగాదిగా చూసి ఆ మూటను కొంగున కట్టుకుంది. ఆయన పెట్టెలోంచి మూడుకాళ్ళ స్టాండు తీసి కంచె దగ్గర నిలిపి, దాని మీద మీటరు బిగించాడు. మీటరు కొసన నల్లటి స్పాంజి ఉండ.

"కట్టె కొసన ఆ బోండా ఏంది సామీ?" అంది అమ్మ.

"గాలి కోసమమ్మా. మీ ఊరి గాలి తక్కువదా? అది నేరుగా తగిలితే మిషను గాలి సద్దే కొలుస్తాది. ఈ బోండా గాలిని ఆపి, సద్దును లోపలికి వదుల్తాది."

తర్వాత వేలెత్తాడు. ముక్కు మీద పెట్టుకోవడం కాదు. బడిలో జవాబు తెలిసిన పిల్లాడిలా, తల పైకి చూపుడువేలు. అది పైన ఉన్నంతసేపూ ఎవరూ కిక్కురుమనకూడదు. నేను దర్జీని. పందిరి కింద నా కుట్టుమిషను ఆపించాడు. అమ్మ రోట్లో చెనిక్కాయల ఊరిమిండి, అంటే పచ్చడి, దంచుతుంటే రోకలి పక్కన పెట్టించాడు. కుక్కకు వేలు అర్థం కాదు కదా, దానికోసం చొక్కా జేబులో బిస్కెట్లు తెచ్చుకునేవాడు. "నోటికి పనుంటే అరవదు," అనేవాడు. అది నమిలే చప్పుడు కూడా మీటరుకు ఎక్కుతుందేమోనని దాన్ని దొడ్డి వెనక్కి పిలుచుకుపోయి మరీ పెట్టేవాడు.

ఆ వేలు పారనిది మా నాయన దగ్గర ఒక్కచోటే. నాయనకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు సద్దప్ప వేలెత్తి నిలబడ్డాడు. నాయన పాటికి నాయన మాట్లాడుతూనే ఉన్నాడు. "ఎవురొచ్చినారు? యా ఊరు సామీ మీది? హిందూపురమా? ఆడ సంతలో నేను గొర్రెలమ్మినానే!" సద్దప్ప వేలు ఇంకాస్త పైకి లేపాడు. నాయన ఆ సంతలో బేరం ఎట్లా చెడిందో మొదలుపెట్టాడు. అమ్మ తన కళ్ళు చేత్తో మూసి సైగ చేస్తే గానీ ఆయనకు తెలియలేదు. తెలిశాక నాలుక కరుచుకుని, కొంగలాగా అడుగులు వేసుకుంటూ మంచం దగ్గరికి వెళ్ళి, నాయన మోకాలి మీద మెల్లగా చెయ్యి పెట్టాడు. నాయన ఆగాడు. మోకాలి మీద చెయ్యి పడితే మాట ఆపాలని అప్పటి నుంచీ ఇద్దరికీ ఒప్పందం.

సద్దప్ప గొంతు చాలా చిన్నది. ఆయన మాట వినాలంటే మనమే దగ్గరికి జరగాలి. ఆయనకు మన మాట వినిపించాలంటే కుడివైపు కూర్చోవాలి. వయసులో ఉన్నప్పుడు ఏదో మిల్లులో మగ్గాల మధ్య పని చేశాడట. "ఎడమ చెవి మిల్లుకిచ్చేసినా. కుడి చెవితో సంసారం చేస్తాండా," అనేవాడు, అదేదో పొదుపు కబురు చెప్పినట్టు. ఒకసారి మా వీధిలో పేరు పెట్టే వేడుక జరుగుతుంటే ఆయన్నూ భోజనానికి పిలిచారు. నేరుగా వెళ్ళి మైకు కింద ఉన్న కుర్చీలోనే కూర్చున్నాడు. అందరూ ఆశ్చర్యపోయి, ఇటు రండి సార్ అంటే, "ఈ చెవి దానికి, ఈ చెవి మీకు. ఏం ఫరవాల్యా," అని సంగటి ముద్ద ముందుకు లాక్కున్నాడు.

ఫిర్యాదు ఎందుకు పెట్టామో చెప్పాలి. నాయనకు చూపు పోయినా నడక పోలేదు. ఇంటి ముందర వాకిలంతా ఆయనకు చెవుల్లో ఉండేది. కొళాయి చుక్క బండ మీద పడే చోటు ఎడమ. గొర్రె మెడలో గంట మోగితే అక్కడ దొడ్డి. వేపాకు గలగలమంటే నీడ. నా మిషను టకటకలాడితే పందిరి గుంజ. కర్ర కూడా లేకుండా తిరిగేవాడు. గొర్రెలకు నీళ్ళు పెట్టేవాడు, తట్టి లేపేవాడు, పిల్లలేసిన గొర్రెను వాసనతో సద్దుతో కనిపెట్టేవాడు. ఇన్వర్టర్ గది వచ్చాక అదంతా పోయింది. ఒకరోజు ఎండపొద్దున కొళాయి బండ తట్టుకుని పడ్డాడు. మోకాలు మానింది గానీ ఆ తర్వాత పగలు మంచం దిగడం మానేశాడు.

"ఈ గుయ్‌మనే దానికి దిక్కు ల్యాదు రా," అన్నాడు నాతో. "అన్ని పక్కలా ఒకే మాదిరి ఉంటాది. నాకు యాడ ఏముండాదో తెలీడంల్యా."

గొర్రెల వెంట కొండలన్నీ తిరిగిన మనిషి, పది అంగల వాకిట్లో దారి తప్పడం మాకు పెద్ద దెబ్బ. అమ్మ పగలంతా కస్సుబుస్సుమంటుండేది. కోపం ఆయన మీద కాదని ఆయనకు తెలుసు.

ఆ రోజు సద్దప్ప హద్దు పొడుగునా మూడుకాళ్ళ స్టాండును జరుపుకుంటూ కొలిచాడు. ఇంటి గోడకు దగ్గరగా మాత్రం పెట్టలేదు. "గోడ పక్కన పెడితే గోడ కూడా మాట్లాడతాది. తిప్పికొడతాది గదా," అన్నాడు. అంతా అయ్యాక అమ్మకు మీటరు చూపించాడు.

"ఇళ్ళ కాడ పగటి పూట యాభై అయిదు దాటకూడదని రూలుండాదమ్మా. ఈడ రొంత లోపలే వచ్చింది."

"అంటే?"

"అంటే కంపెనీది తప్పు ల్యాదని రాయాల."

అమ్మ ఆయన కుడివైపుకు జరిగింది. "ఒకటో రెండో ఎచ్చు రాస్తే నీ సొమ్మేం పోతాది సామీ? మేం చూసినామా, వాళ్ళు చూసినారా?"

"మీ చేను హద్దురాయి నేను ఒక జానెడు జరిపితే ఒప్పుకుంటావామ్మా?"

"మా పక్కకు జరిపితే ఒప్పుకోను. వాళ్ళ పక్కకు జరిపితే ఒప్పుకుంటా."

ఆయన తల వంచుకున్నాడు. "నేను జరపను," అన్నాడు. గొంతు ఎప్పటిలాగే చిన్నదే. కానీ దాన్ని ఇంకెవరూ కదిలించలేరని మాకు అర్థమైంది. అమ్మ కొంగు ముడి విప్పి తాళాల మూట ఆయన పక్కన బండ మీద ఠక్కున పెట్టి, "కాఫీ పెట్టేదానికి పాలు ల్యావు," అని లోపలికి వెళ్ళిపోయింది. పాలు ఉన్నాయి. ఆయనకూ తెలుసు, కాగుతున్న వాసన వాకిట్లోకి వస్తూనే ఉంది.

జీపు ఇంకో ఊరికి వెళ్ళింది, రావడానికి ఆలస్యం అవుతుందని ఆయన నాయన మంచం పక్కన బండ మీద కూర్చున్నాడు. ఎండ మండిపోతోంది. అంతలో పడమర నుంచి ఒక మబ్బు వచ్చి పొద్దును కప్పింది. మా సీమలో మబ్బు వస్తే దిగులుపడేది కంపెనీవాళ్ళు ఒక్కరే. ప్లేట్ల మీద నీడ పరుచుకునేకొద్దీ గది మోత తగ్గుతూ తగ్గుతూ వచ్చింది. వేపచెట్టు ఆకుల గలగల వినిపించింది. దొడ్డిలో గంట మోగింది. కొళాయి చుక్క బండ మీద టప్పుమంది.

నాయన లేచాడు. పందిరి గుంజ పక్కగా, కొళాయి బండ తప్పించి, దొడ్డి దగ్గరికి తిన్నగా నడిచి, తాడు కాలికి చుట్టుకున్న గొర్రెను విడిపించాడు. దాని చెవి నిమిరి ఏదో అన్నాడు. సద్దప్ప నోరు తెరిచి చూస్తున్నాడు. వచ్చినప్పటి నుంచీ మంచం దిగని మనిషి, పాపం కాళ్ళు కూడా లేవేమో అనుకున్నాడట.

మబ్బు జరిగింది. గది మళ్ళీ అందుకుంది. తిరిగి వస్తున్న నాయన వాకిలి నడిమధ్యలో ఆగిపోయాడు. ఒక చెయ్యి ముందుకు చాచి, తల అటూ ఇటూ తిప్పి, అట్లాగే నిలబడ్డాడు. నేను మిషను దగ్గరి నుంచి లేచేలోగా సద్దప్ప వెళ్ళాడు. దగ్గరికి వెళ్ళాక, ఉలిక్కిపడకుండా ముందు గొంతు సవరించుకుని, ఆ తర్వాత చెయ్యి పట్టుకున్నాడు.

"ఇట్ల రా అన్నా," అన్నాడు.

మంచం మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చున్నాడు. కుడి చెవి నాయన వైపు పెట్టి. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏ సద్దు ఎటు నుంచి వస్తుందో, ఏది ముందు మునిగిపోతుందో, గొర్రె గంట ఎందుకు తొందరగా పోతుందో, నా మిషను టకటక ఆ మోతలో కూడా ఎందుకు కాస్త నిలబడుతుందో. అమ్మ కాఫీ తెచ్చి ఆయన ముందు పెట్టింది, ఎక్కడి పాలో చెప్పకుండా. ఆయనా అడగలేదు. "బాగుండాది వదినా," అన్నాడంతే. అమ్మకు ఆయన మరిది అయింది ఆ గుక్కతోనే.

మర్నాడు ఆయన్ను కంపెనీ ఆఫీసులో మళ్ళీ చూశాను. వాచ్‌మన్ల యూనిఫారాలు నేనే కుడతాను. కొలతలు తీసుకోవడానికి వెళ్ళాను. సైటు ఇన్‌ఛార్జి ముందు కుర్చీలో సద్దప్ప కూర్చుని ఉన్నాడు. ఇన్‌ఛార్జి చెడ్డవాడు కాదు. పాపం, పైవాళ్ళకు జవాబు చెప్పుకునే కుర్రాడు.

"సార్, లిమిట్ లోపలే వచ్చిందని మీరే రాస్తున్నారు. ఇంక నేను బడ్జెట్ ఎట్లా అడగను?"

"నేను బడ్జెట్ అడగలా నాయనా. మట్టి అడుగుతాండా."

కేబుళ్ళ కోసం తవ్విన మట్టి గేటు దగ్గర గుట్టపడి ఉంది. పైవాళ్ళు చూడ్డానికి వచ్చేలోగా దాన్ని ఎత్తించాలని ఇన్‌ఛార్జి అప్పటికే జేసీబీ మాట్లాడుకున్నాడు. సద్దప్పకు ఆ సంగతి జీపు డ్రైవరు చెప్పాడు. "ఎట్లాగూ యాడికో మోయించాల గదా. ఆ ఇంటికీ గదికీ మధ్యన పోయించు. మీకు గేటు శుభ్రం, వాళ్ళకు కట్ట," అన్నాడు. ఇన్‌ఛార్జి ఫ్యాను గాలికి ఎగిరే కాగితాలను అదిమిపట్టి కాస్త ఆలోచించి, "మట్టే కదా సార్," అన్నాడు. "మట్టే," అన్నాడు సద్దప్ప. "ఫ్యాన్ల గాలి బయటికొచ్చే కంతకు ఒక రేకు గూడు కూడా పెట్టియ్యి. దాని మూతి ఆకాశం పక్కకు తిప్పితే సాలు." ఇన్‌ఛార్జి నవ్వేసి దానికీ ఒప్పుకున్నాడు.

మట్టి పోసే రోజు ఆయన రావాల్సిన పనే లేదు. బస్సెక్కి వచ్చాడు, సొంత గొడుగుతో. జేసీబీ మోతకు కుడి చెవిలో దూది కుక్కుకుని, మా నాయన మంచం మీద కూర్చుని, అక్కడి నుంచి చేతులూపుతూ పని చేయించాడు. "ఈడ కూచుంటే నాకు ఆ గది కనపడకూడదు. కంటికి కనపడితే చెవికీ తగుల్తాది," అని మళ్ళీ మళ్ళీ ఎత్తు పెంచించాడు. ఒక చోట చిక్కు వచ్చింది. గొర్రెలు మేతకు వెళ్ళడానికి కట్టలో దారి వదలాలి. దారి వదిలితే సద్దు అందులోంచే వస్తుంది. ఆయన గొడుగు మూసి తెరిచి మూసి ఆలోచిస్తున్నాడు.

"గొర్రెలదొడ్డి వాకిలి మాదిరి పెట్టప్పా," అన్నాడు నాయన. "ఒక కట్ట ముందు, ఒక కట్ట ఎనక. మధ్యలో వంకరగా దారి. తోడేలుకే దొరకదు, సద్దుకు దొరుకుతాదా?"

సద్దప్ప లేచి నిలబడి నాయన రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. దూది ఉన్నా ఆ మాట ఎట్లా వినిపించిందో మరి. ఆ సాయంత్రానికి వంకర దారితో కట్ట లేచింది.

వాన పడ్డాక కట్ట మీద గరిక మొలిచింది. ఆకాశం తేటపడి ఎండ ముదిరిన రోజు చూసుకుని సద్దప్ప మళ్ళీ కొలవడానికి వచ్చాడు. అవే తాళాలు, అదే మూట. అమ్మ చెయ్యి చాచి తనే అడిగి తీసుకుంది. మీటరు కట్ట ఇవతల నిలిపి, దాని పాటికి దాన్ని కొలవనిచ్చి మంచం దగ్గరికి వచ్చాడు. ఎండ నడినెత్తిన ఉంది. గది మోగుతూనే ఉంది గానీ ఎక్కడో పక్కూర్లో మోగుతున్నట్టు ఉంది.

నాయన లేచి, కొళాయి దగ్గరికి నడిచి, చెంబు నింపుకుని వచ్చి ఆయన చేతికిచ్చాడు. సద్దప్ప తాగలేదు. చెంబు పట్టుకుని నాయన నడిచిన దారినే చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు నాయన పక్కన కూర్చుని, మీటరు నడుస్తోందని తెలుసు గనక, ఆయన కుడి చెవిలో నోరు పెట్టి ఏదో గుసగుసలాడాడు.

సద్దప్ప నవ్వాడు. నవ్వడమంటే మామూలుగా కాదు. తల వెనక్కి వాల్చి, చెంబులో నీళ్ళు ఒళ్ళంతా ఒలికిపోతుంటే, పగలబడి నవ్వాడు. కోళ్ళు చెదిరిపోయాయి. కుక్క లేచి మొరిగింది. అంత చిన్న గొంతు మనిషిలో అంత నవ్వు ఎక్కడ దాక్కుందో. అమ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏందంటాడు? ఏమన్నాడు మీ అన్న?"

"అంతా బాగుండాదంట వదినా," అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ. "కట్ట అవతల వాచ్‌మన్ పొద్దున్నే రేడియోలో పాటలు పెట్టేవాడంట. అవి గూడా వినపడకుండా చేస్తివే అని బాధపడ్తాండాడు."

లేచి వెళ్ళి మీటరు చూశాడు. ఎక్కువలో ఎక్కువ సద్దు ఎంతో కూడా అందులో నిలిచిపోతుంది. చూసి, మళ్ళీ నవ్వు ఆపుకుంటూ మావైపు తిరిగాడు.

"ఈ పొద్దు హద్దు దాటింది నేనే."

"అయితే జుల్మానా కట్టు," అంది అమ్మ. "ఇంగో ముద్ద తిని పో."

రెండోసారి అందరం ఊపిరి బిగబట్టి కూర్చుంటే కొలిచాడు. అంకె దిగింది, ఆయన కోరుకున్నంత దిగింది. జుల్మానా కింద సంగటి, ఊరిమిండి తిన్నాడు. మీటరు పెట్టెలో సర్దుకుని, చెప్పులేసుకుని, జీపు వైపు వెళ్ళాల్సినవాడు కట్టలోని వంకర దారి పట్టాడు. ఏమిటా అని నేనూ వెంట వెళ్ళాను. అవతల కంచె మూల నీడలో వాచ్‌మన్ కునుకు తీస్తున్నాడు. సద్దప్ప అతన్ని లేపి, కుర్చీ ఎత్తి, తనే మోసుకొచ్చి, దారి మొదట్లో మా ఇల్లు కనిపించే చోట వేశాడు. రేడియో తెచ్చి కుర్చీ పక్కన బండ మీద పెట్టి మీట తిప్పాడు. ఏదో పాత పాట మొదలైంది.

కుడి చెవి అటు పెట్టి కాసేపు విన్నాడు. తృప్తిగా లేదు.

"రొంత సద్దు పెంచప్పా," అన్నాడు వాచ్‌మన్‌తో. "ఆడ మా అన్నకు వినపడాల."